పెరిగే పిల్ల, పెద్ద బ్యాటు

నేను మిషన్ కుడతాను. శంషాబాద్‌లో మా గల్లీ మొదట్లో నిలబడి, బ్లౌజులు కుట్టే అక్క ఇల్లెక్కడ అని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. ఆ అక్కకు నోరెక్కువ అని కూడా చెప్తారు. నిజమే, ఎక్కువే. కుట్టేటప్పుడు పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే అలవాటు నాది. అది పని కోసం అనుకుంటారు అందరూ. మా ఆయన మాత్రం దేవుడు వేయించిన తాళం అంటాడు.

బడులు తెరిచే ముందు, యూనిఫారాలు కుట్టే రోజుల్లో నా చెవిన పడే మాట ఒక్కటే. "పెరిగే పిల్ల అక్కా, జర లూజుగ కుట్టు." "పెరిగే పిలగాడు, లోపట గుడ్డ ఇడిసి కుట్టు." నేనూ అట్లాగే కుడతాను. పక్కలకు రెండేసి కుట్లు వేస్తాను, కింద మడత వెడల్పుగా పెడతాను. ఏడాది పోయాక ఒక కుట్టు విప్పితే గౌను పిల్లతో పాటు పెరుగుతుంది. తొండుపల్లి నుంచి వచ్చే ఆడవాళ్లయినా, హిమాయత్ సాగర్ వైపు వాళ్లయినా, పిల్లలకు సరిగ్గా సరిపోయే బట్ట కుట్టమని నన్ను ఎవ్వరూ అడగలేదు. సరిపోయిందంటే రేపటికి చిన్నదయినట్టే లెక్క.

మా బాపు ఈ విషయంలో అందరికంటే రెండాకులు ఎక్కువే చదివాడు. నా చిన్నప్పుడు ఏది కొన్నా ముందు సంవత్సరాలకు కూడా కలిపి కొనేవాడు. నా చెప్పుల్లో వెనక సగం ఖాళీ. నడుస్తుంటే టపాటపా చప్పుడు, వెనక పిల్లల నవ్వులు. ఊడిపోకుండా మా అమ్మ మడమకు పురికొస కట్టి పంపేది. నా పాదం పెరిగి ఆ చెప్పుకు సరిపోయే నాటికి అడుగు అరిగి, రోడ్డు మీది రాళ్లు తగిలేవి. అంటే కాలికి సరిపోయిన చెప్పు, చెప్పులాగా ఉన్న చెప్పు, ఒక్కసారి కూడా నా చిన్నతనంలో తొడుక్కోలేదు. ఒకప్పుడు దీన్ని చెప్పుకుని పడీ పడీ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

బాపు మా దగ్గరే ఉంటాడు. విమానాశ్రయం కిందికి పొలాలు పోయిన ఇళ్లలో మాదీ ఒకటి. టమాటా, బెండ పండించిన మనిషి ఇప్పుడు విమానం ఎక్కేవాళ్లు కార్లు వదిలిపోయే పార్కింగ్ జాగాలో కాపలా ఉంటాడు. పొద్దుగూకాక వెళ్తే తెల్లారి వస్తాడు. మా ఆయన ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. మాకు ఒక్కతే బిడ్డ. దానికి తాతంటే ప్రాణం. తాతకు అదంటే అంతకంటే ఎక్కువ. నా ఏడుపంతా అక్కడే మొదలవుతుంది.

మా ఇంట్లో దోమల బ్యాటు ఒకటి చెడిపోయింది. ఎంత చార్జింగ్ పెట్టినా వెలగదు. పారేద్దామని బయట పెడితే, అప్పుడు రెండో తరగతిలో ఉన్న నా బిడ్డ దాన్ని పట్టుకుని ప్లాస్టిక్ బంతిని గోడకేసి కొట్టడం మొదలుపెట్టింది. లోపల నా మిషన్ చప్పుడు, బయట దాని టక్ టక్. జాలి తీగలు తెగి మధ్యలో బొంద పడితే బాపు వాటిని పీకేసి, నవారు మంచం అల్లినంత ఓపికగా నైలాన్ దారంతో అల్లి ఇచ్చాడు. దాంతో ఆట ఇంకా జోరందుకుంది. గోడ సున్నం రాలిపోతోందని ఇంటామె వచ్చి నాతో కొట్లాడింది. నేను ఊరుకుంటానా, ఆ సున్నం ఎప్పుడు వేయించావని ఎదురు అడిగాను. బిడ్డ మాత్రం మా ఇద్దరి అరుపులూ వినిపించనట్టే టక్ టక్ కొడుతూనే ఉంది.

ఔటర్ రింగు రోడ్డు దాటాక పెద్ద ఇళ్ల కాలనీ ఒకటుంది. గేటు దగ్గర పేరు రాయించుకుంటే గాని లోపలికి పంపరు. అక్కడి మేడములు కొందరికి నేను బ్లౌజులు కుడతాను. ఇవ్వడానికి వెళ్లినప్పుడు బిడ్డను వెంట తీసుకెళ్లేదాన్ని, దోమల బ్యాటు దాని వెంట వచ్చేది. ఆ కాలనీ మధ్యలో టెన్నిస్ కోర్టు ఉంది, చుట్టూ ఎత్తుగా ఆకుపచ్చ జాలి. ఒక సాయంత్రం నేను పైనుంచి బ్లౌజులు ఇచ్చి దిగేసరికి ఇది కోర్టు పక్క గోడకేసి బంతి కొడుతోంది. టోపీ పెట్టుకున్న ఒకాయన చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు. గేటు వాళ్లను పిలిచి వెళ్లగొట్టిస్తాడనుకున్నాను.

"మీ పాపాండీ?" అన్నాడు.

"అవు సార్. పోతున్నం, పోతున్నం."

"వెళ్లకండమ్మా, ఆగండి. ఎవరు నేర్పించారు పాపకి?"

"ఎవలు నేర్పలే సార్. గోడనే నేర్పింది."

ఆయన నవ్వాడు. అక్కడి పిల్లలకు టెన్నిస్ నేర్పే కోచ్ సారు ఆయన. కోస్తా వైపు మనిషి, నాలాంటిదాన్ని కూడా అండీ అనకుండా పిలవడు. "బంతి ఎక్కడ పడుతుందో మీ పాప కాళ్లకి ముందే తెలిసిపోతోందమ్మా. అది నేర్పిస్తే వచ్చేది కాదు. రోజూ సాయంత్రం తీసుకురండి, ఫీజు వద్దు. చలికాలంలో చిన్నపిల్లల పోటీలున్నాయి. నా బ్యాచ్‌లో ఒక్క చోటు ఖాళీగా ఉంది. పాప కుదురుకుంటే ఆ చోటు తనదే. రాకెట్ మాత్రం మీరు తెచ్చుకోవాలి."

ఇంటికి వచ్చేదాకా బిడ్డ నా చెయ్యి వదలలేదు. "ఆ చోటు నాదేనంట గద అమ్మా?" అని ఆటోలో అడిగింది, మెట్లెక్కుతూ అడిగింది, అన్నం తింటూ అడిగింది. నాకూ పిచ్చి సంతోషం. మా ఇంట్లో ఒక మనిషిని చూసి ఇది నీ చోటు అని ఇంకొకరు అనడం అదే మొదటిసారి.

రాకెట్ ఎట్లా ఎంచుకోవాలో కోచ్ సారు వివరంగా చెప్పాడు. ఏడేళ్ల పిల్లకు ఇరవై మూడు అంగుళాలది కావాలి. పిల్ల నిటారుగా నిలబడి, చెయ్యి కిందికి వదిలేసి, పిడి చివర పట్టుకోవాలి. అప్పుడు రాకెట్ కొస నేలను తాకీ తాకనట్టు ఉండాలి. నేలకు ఆనుకుని మోచెయ్యి పైకి వంగిందంటే పెద్దదని అర్థం. చేతిలో ఉన్నట్టే తెలియనంత తేలిగ్గా ఉండాలి. "పెద్దది మాత్రం కొనకండమ్మా. అందరూ అదే చేస్తారు" అని రెండుసార్లు చెప్పాడు. కొలతలు నాకా చెప్తున్నావు సారూ, నా బతుకే టేపు మీద నడుస్తోంది అని మనసులో అనుకుని తల ఊపాను.

బాపుకు అంతా వివరించాను.

"రాకెట్టా?" అన్నాడు. "రాకెట్టంటే చంద్రుని మీదికి పోయేది గద బిడ్డా?"

"గది వేరే బాపు. గిది ఆడేది."

"మరి బ్యాటు అనొచ్చు గద! రాకెట్టంట, రాకెట్టు." బిడ్డ కిందా మీదా పడి నవ్వింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు బ్యాటే. "నా మనుమరాలికి బ్యాటు నేను కొనిస్త. నువ్వు నీ మొగుణ్ని అడిగేది లేదు, నీ గల్లా తెరిచేది లేదు. సమజైందా?"

ఆదివారం ముగ్గురం సిటీకి వెళ్లాం. బాపు ఇస్త్రీ చేసిన తెల్ల ధోతి కట్టాడు, భుజం మీద ఉతికిన టవలు. ఆటల సామాన్ల దుకాణంలో సైజు చెప్పగానే దుకాణమాయన నీలం రంగు చిన్న రాకెట్ తీసి ఇచ్చాడు. బిడ్డను నిలబెట్టి, చెయ్యి వదిలించి చూశాను. కొస నేలను ముద్దుపెట్టుకున్నట్టు తాకింది. అయినా నమ్మకం చాలక సంచిలోంచి టేపు తీసి కొలిచాను. సరిగ్గా సరిపోయింది. బిడ్డ దాన్ని గాల్లో ఆడిస్తే సుయ్యిమని చప్పుడొచ్చింది. "ఇదే" అన్నాను.

బాపు దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మొహం చిన్నబుచ్చుకున్నాడు. "గిదేంది బిడ్డా? జాతరల అమ్మే బొమ్మ లెక్కున్నది. ఏడాదిల చిన్నగైతది. పెరిగే పిల్లకు గింత చిన్నది ఎవలన్న కొంటరా?"

ఆయన కళ్లు అప్పటికే గోడ మీద ఉన్నాయి. నల్లటి పెద్ద రాకెట్, అంచు పొడుగునా బంగారు గీత. అది పెద్దవాళ్లదని దుకాణమాయన నసిగాడు. కొనేలా ఉన్నారని తెలియగానే మాట మార్చాడు. "పెరిగే పిల్లనే గద, నడిపించుకోవచ్చు తియ్యండి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "నడిపించుకోవడానికి అదేమన్న లంగా ఓణీనా, కింద మడత పెట్టనీకి? సారు ఏం చెప్పిండు, నువ్వేం అమ్ముతున్నవు?" అని ఆయన మీద పడ్డాను. దుకాణంలో ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగారు.

బాపు గొంతు తగ్గించి నాతో అన్నాడు. "నీకు చిన్నప్పుడు ఒక్క ఆటవస్తువు కొనియ్యలే బిడ్డా. నా చేతనైతలేకుండె. దీనికైన ఒక్కటి మంచిది కొనియ్యనీ. శాన ఏండ్లు ఉండాలె అది. నన్ను యాది చేసుకుంట ఆడాలె."

అంత మాటన్నాక ఏమనాలి? అయినా నేను అనేదాన్నే. నా నోరు అట్లాంటిది. కాని నేను నోరు తెరిచేలోపే బిడ్డ తాత మొహం చూసింది, నా మొహం చూసింది. చేతిలోని నీలం రాకెట్‌ను బల్ల మీద జాగ్రత్తగా పెట్టేసింది. "నాకు పెద్దదే కావాలె అమ్మా" అంది. ఏడేళ్ల పిల్లకు మనుషుల మొహాలు చదవడం ఎవరు నేర్పారో నాకు తెలియదు. గోడ మాత్రం కాదు.

బాపు ఆ పెద్ద బ్యాటును వేలంలో బాలాపూర్ వినాయకుడి లడ్డూ పాడుకున్న మనిషిలా నెత్తిన పెట్టుకున్నంత పని చేశాడు. బస్సులో సీటు దొరికినా కింద పెట్టలేదు. శంషాబాద్‌లో దిగగానే ఇంటికి కాదు, తిన్నగా మైసమ్మ గుడికి తీసుకెళ్లాడు. మా దగ్గర కొత్త బండి కొన్నా, కొత్త మిషన్ కొన్నా ముందు ఆ తల్లికి చూపించాల్సిందే. కొబ్బరికాయ కొట్టించి, పిడికి నిండుగా పసుపు రాయించి, జాలికి పైనా కిందా కుంకుమ బొట్లు పెట్టించాడు. పిడి మీది తెల్లటి మెత్తని పట్టీ పచ్చగా అయిపోయింది. బిడ్డ కూడా కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. ఏం కోరుకున్నావే అంటే చెప్పలేదు.

మర్నాడు కోర్టులో కోచ్ సారు దాన్ని చూసి తల పట్టుకున్నాడు. "ఏంటమ్మా ఇది? నేనేం చెప్పాను, మీరేం తెచ్చారు?" బిడ్డ చెయ్యి కిందికి వదిలి నిలబడితే బ్యాటు నేలకు ఆనుకుని మోచెయ్యి చెవి దాకా లేచినట్టుంది. మార్చుకు రమ్మన్నాడు. మార్చడానికి వెళ్తే దుకాణమాయన పిడి చూసి వెనక్కి జరిగాడు. "పూజ చేసిన వస్తువు ఎట్ల తీస్కుంట అక్కా? ఎవలకు అమ్మాలె దీన్ని? పసుపు పోతదా?" అన్నాడు. అరిచాను, శాపనార్థాలు పెట్టాను. అంతా అయ్యాక నాకే తెలిసింది, ఈసారి ఆయన తప్పు లేదని. సబ్బుతో అంతకుముందే నేను తోమి చూశాను. పోలేదు.

సరే, పోతే పోయిందని నా కుట్టుకూలితో ఆ నీలం చిన్న రాకెట్టే కొని ఇంటికి తెచ్చాను. బాపు డ్యూటీకి వెళ్లే ముందు అన్నానికి కూర్చున్నాడు. నా చేతిలోని ప్లాస్టిక్ కవరు చూశాడు, కవరులోని నీలం రంగు చూశాడు. కోప్పడితే బాగుండేది, నేనూ కోప్పడేదాన్ని. కంచం కొంచెం ముందుకు జరిపి, "ఆకలైతలేదు బిడ్డా" అని లేచి, చెయ్యి కడుక్కుని, టవలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ముద్ద కలిపిన అన్నం కంచంలో అట్లాగే ఉంది. బిడ్డ తలుపు దగ్గర నిలబడి ఆ కంచాన్నే చూస్తోంది.

మరుసటి సాయంత్రం అది పెద్ద బ్యాటు భుజాన వేసుకుని తయారైంది.

"చిన్నది తీస్కోవే" అన్నాను.

"వద్దు. నాకు పెద్దదే అలవాటైంది."

"అప్పుడే అలవాటైందా? నోరు మూసుకుని చిన్నది పట్టు."

"తాత వస్తడమ్మా సూడనీకి" అంది. ఇగ దాని మీద మాట లేదన్నట్టు చెప్పులు వేసుకుంది.

తాత రోజూ వచ్చేవాడు. డ్యూటీకి పోయే దారిలో కాలనీ గేటు దగ్గర పేరు రాయించుకుని, జాలి బయట ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చునేవాడు. నెత్తి మీద నుంచి విమానం పోతుంటే మాటలు వినబడవు. అప్పుడు రెండు చేతులూ ఊపుతూ చూపించేవాడు. విమానం దాటిపోగానే, "కొట్టు బిడ్డా, కొట్టు!" అని కేక. అది పిడిని చివర పట్టుకోలేక మధ్యలో పట్టుకునేది. మోచెయ్యిని పక్కటెముకలకు ఆనించి, ఒళ్లంతా తిప్పి కొట్టేది. అయినా బంతి అవతల సరిగ్గా గీత మీద పడేది. అది చూసి బాపు చప్పట్లు, బాపు చప్పట్లకు దాని మొహంలో వెలుగు. తాత ఇంకా రాని వేళ కోచ్ సారు కాలనీ క్లబ్బుది చిన్న రాకెట్ ఒకటి ఇచ్చేవాడు. గేటు దగ్గర తెల్ల ధోతి కనబడగానే అది పరుగెత్తి బ్యాటు మార్చుకునేదట.

"మీ నాన్నగారికి మీరే చెప్పాలమ్మా" అన్నాడు సారు.

చెప్పాను. చెప్పకపోవడమేంటి. "బాపు, గది దానికి బరువైతున్నదంట. సారు పరేషాన్ అయితున్నడు."

"బరువు మోస్తెనే గద చెయ్యి గట్టిపడేది. నేను దీనంత ఉన్నప్పుడు బాయి కాడికెల్లి నీళ్లు మోసిన" అన్నాడు బాపు. అని మనుమరాలి వైపు తిరిగాడు. "బరువున్నదా బిడ్డా? నిజం చెప్పు."

"లేదు తాతా. మస్తుగున్నది."

ఇద్దరూ కలిసి నన్ను చూసి నవ్వారు. నేను ఇంకేం చేయను, నా గుండుసూదులు నోట్లో పెట్టుకున్నాను.

కొన్నాళ్లకు అన్నం కలిపి పెట్టమని గారాలు పోవడం మొదలుపెట్టింది. ఉన్న ఒక్క బిడ్డ, నాకు మురిపెమే. ముద్దలు చేసి పెట్టేదాన్ని. తల తనే దువ్వుకునేది మానేసి నా ముందుకు వచ్చి కూర్చునేది. చొక్కా గుండీలు ఎడమ చేత్తో పెట్టుకుంటుంటే అదొక ఆట అనుకున్నాను. రోజంతా పిల్లల చేతులు కొలిచే మనిషిని నేను.

చలి మొదలైంది. పోటీలు దగ్గరికొచ్చాయి. ఆ చోటు దీనిదేనని సారు ఖాయం చేశాడు, కొత్త తెల్ల గౌను కుట్టమన్నాడు. ఆ గౌను మాత్రం ఒక్క అంగుళం కూడా లూజు లేకుండా కుట్టాను. మెడ కుడుతుండగా ఫోన్ వచ్చింది. బంతి పైకి విసిరి కొట్టేది నేర్పుతుంటే చెయ్యి పైకెత్తి అట్లాగే కూలబడిందట. బ్యాటు చేతిలోంచి జారి పడిందట. ఆ రోజు డ్యూటీ ముందే పడి బాపు కోర్టుకు రాలేదు. గట్టిగా ఏడవను కూడా లేదట. సారే తన బండి మీద దవాఖానకు తీసుకెళ్లాడు. నేను చెప్పులు కూడా లేకుండా ఆటో ఎక్కాను.

ఎముకల డాక్టరు మోచేతి ఎక్స్‌రే ఫిల్ములు వెలుతురుకు పెట్టి చూపించాడు. "పెరిగే పిల్లలకు ఎముక కొసలు ఇంకా మెత్తగానే ఉంటాయమ్మా. ఎముక పెరిగేది అక్కడే. సరిగ్గా అక్కడే దెబ్బతింది. ఇది ఈ రోజు అయ్యింది కాదు. ఎప్పట్నుంచి నొప్పి పాపా?"

పెరిగే పిల్ల. ఆ మాట ఆయన నోట వినగానే నా చెంప పగిలినట్టయింది. బిడ్డ నా వైపు చూడకుండా, "బ్యాటు కొన్నకాన్నుంచి" అంది.

చేతికి పట్టీ కట్టించుకుని ఇంటికి వస్తుంటే ఆటోలో నా మీదికి ఒరిగి, "తాతకు చెప్పకే అమ్మా. బడిల కింద వడ్డనని చెప్పు" అంది.

నేను అరిచాను. ఆటోవాడు అద్దంలో చూస్తున్నా ఆగలేదు. "ఎందుకు చెప్పొద్దే? ఇన్ని రోజులు నొప్పి పెట్టుకుని నోరు మూసుకున్నవ్, ఇగ నన్ను గూడ మూసుకొమ్మంటున్నవా? ఎందుకు చెప్పొద్దు?"

"తాత మల్ల అన్నం తినడు" అంది.

తెల్లారి డ్యూటీ దిగి వచ్చిన బాపుతో అది బడి మెట్ల మీద పడిందని చెప్పాను. బాపు బడి వాళ్లను తిట్టాడు, ఆ మెట్లను తిట్టాడు, మైసమ్మకు మొక్కుకున్నాడు. తన చేత్తో ముద్దలు చేసి మనుమరాలికి తినిపించాడు. అది తింటూ తాత కూడా తినేదాకా ఊరుకోలేదు.

పోటీల చోటు ఇంకో పిల్లకు వెళ్లింది. వెళ్లకేం చేస్తుంది? సారు ఒకసారి పండ్లు పట్టుకుని ఇంటికి వచ్చి, బాపు ముందు ఏం మాట్లాడాలో తెలియక చాయ్ తాగి వెళ్లిపోయాడు. తరువాత ఆయన వేరే ఊరు మారిపోయాడని విన్నాను. తెల్ల గౌను బీరువాలో ఉండగానే చిన్నదైపోయింది. నీలం రాకెట్ కవరు కూడా విప్పకుండా చిన్నదైపోయింది. పట్టీ విప్పాక చూస్తే చెయ్యి పూర్తిగా చాపుకోవడం రాలేదు. ఎన్ని నెలలు తిరిగినా, ఎంతమంది వంచి చూసినా, మోచెయ్యి కొంచెం వంగే ఉండిపోయింది. ఇంతేనమ్మా, ఇంతకంటే రాదు, ఆట సంగతి మర్చిపోండి అన్నాడు డాక్టరు. ఆ రోజు ఇంటికొచ్చి అది నైలాన్ దారాల దోమల బ్యాటును చెత్తబండిలో తనే వేసి వచ్చింది.

బాపుకు ఏం తెలుస్తుంది? ఇంటికి ఎవరు వచ్చినా అటక మీది పెద్ద బ్యాటు చూపిస్తాడు. "గంత మంచి బ్యాటు కొనిస్తి. నాలుగు దినాలు ఆడింది, మనసు తీరింది. గిప్పటి పిల్లలకు ఫోను దక్క ఏం వద్దు" అంటాడు. అది అక్కడే కూర్చుని పుస్తకం చదువుకుంటూ, "అవు తాతా, బోర్ కొట్టింది" అంటుంది. అందరూ వెళ్లాక, "ఇయ్యాల చెప్పేస్త, నాతోని గాదు" అంటాను. అది తల అడ్డంగా ఊపుతుంది. చెప్పి ఏం చేస్తాను? చేయి తిన్నగా అవుతుందా? ఆ ముసలి మనిషి అన్నం మానేయడం తప్ప.

దాని బట్టలన్నీ నిండు చేతులవే కుడతాను. ఎడమ చెయ్యి ఒక కొలత, కుడి చెయ్యి ఒక కొలత. కుడి వైపు మోచేతి దగ్గర కొంచెం గుడ్డ ఎక్కువ పెట్టి, లోపల సన్నటి మడత వేస్తే వంకర బయటికి తెలియదు. బడిలో ఎవరికీ తెలియదు. కంటిలో పువ్వు పడిన బాపుకు అసలే తెలియదు. నా చేతి పనిలో ఇంతకంటే మంచి పని లేదు. ఆ మడత వేసేటప్పుడు మాత్రం ఈ మిషన్‌ను ఎత్తి బయట పారేయాలనిపిస్తుంది.

మొన్న దసరాకు ఇల్లు దులుపుతుంటే బాపు అటక మీది నుంచి బ్యాటు దింపించాడు. టవలుతో బూజు తుడిచాడు. పిడి మీద ఇంకా పసుపు ఉంది. బిడ్డ ఇప్పుడు ఏడో తరగతి, నా చెవి దాకా వచ్చింది. బాపు దాన్ని పిలిచాడు.

"ఇటు రా బిడ్డా. సక్కగ నిలబడు. ఆ సారు చెప్పిండంట గద, చెయ్యి కిందికి ఇడిసి పట్టుకోవాలెనని. ఏదీ, పట్టు."

దాని కుడి చేతి వైపు పిడి చాచాడు. బిడ్డ కుడి చెయ్యిని మెల్లగా వెనక్కి పెట్టుకుంది. ఎడమ చేత్తో పిడి చివర పట్టుకుని, చెయ్యి తిన్నగా కిందికి వదిలి నిలబడింది. బాపు నేల మీదికి వంగి, కళ్లు చికిలించి చూశాడు. బ్యాటు కొసకూ గచ్చుకూ మధ్య వేలు దూర్చబోయాడు. దూరలేదు. కొస నేలను తాకీ తాకనట్టు ఉంది.

"సూసినవా!" అని బాపు నా వైపు తిరిగాడు. మొహం నిండా నవ్వు. "కొలిచి కుట్టినట్టున్నది. ఆనాడు దుకాణంల ఎంత లొల్లి చేసినవ్ నువ్వు! పెరిగే పిల్ల అని నేను అన్ననా, లేదా?"

"అన్నవు తాతా" అంది బిడ్డ.

"సరిపోయిందా, లేదా?"

"సరిపోయింది తాతా."

"ఆడనీకే నీకు మనసు లేకపాయె."

"లేకపాయె తాతా" అని బ్యాటు ఆయన చేతికిచ్చి, నా వైపు చూసి, తల అడ్డంగా ఊపింది.

బాపు దాన్ని పాత లుంగీలో చుట్టాడు. "ఉండనీ. ఏం ఖరాబైతది? దీని పిల్లలకన్న పనికొస్తది" అంటూ మళ్లీ అటక మీద పెట్టమని నాకిచ్చాడు. నేను స్టూలు ఎక్కి పెట్టాను. ఏమీ అనలేదు. అప్పుడు నా నోట్లో గుండుసూదులు కూడా లేవు.